నలభై రెండో చీటీ

ముద్రకు ఇంకా 21 రోజులు

పొద్దున్నే మేడమీద చీటీలు ఎండేశాను. వానలు వెలిసి పది రోజులైనా గోడల్లో చెమ్మ పోలేదు. పెట్టె మూత తీస్తే ముక్కిపోయిన వాసన. తీగలు కట్టి, క్లిప్పులు పెట్టి వేలాడదీసేసరికి నడుం విరిగినంత పనయింది. యాభై ఎనిమిదేళ్ళ దాన్ని, నాకు ఈ నిచ్చెనలెక్కే ఖర్మేమిటో.

ఎర్రదారం కట్టినవి చూసినవాళ్ళు చెప్పిన చీటీలు. పసుపుదారానివి విన్నవాళ్ళవి. నీలందారానివి అనుకున్నవాళ్ళవి. నీలాలకి మూడు తీగలు పట్టాయి. ఎర్రవి ఒక్క తీగలో సగానికే అయిపోయాయి. ఏ గొప్పవాడి బతుకు తిరగేసినా ఇదే వరస. చూసినవాళ్ళు గుప్పెడు, అనుకునేవాళ్ళు బోలెడు.

తెల్లదారం ఉండ కూడా ఒకటుంది. ఎవరూ చూడని, ఎవరూ వినని చోట దాన్ని కట్టాలనీ, కడితే ఆ ఖాళీని కూడలిలోని బొమ్మ తన మాటలతో కుట్టి నింపకూడదనీ మా నియమావళి చెబుతుంది. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను ఒక్కసారీ కట్టలేదు. నాకు ముందున్నవాళ్ళూ కట్టలేదు. నా కళ్ళద్దాల కాడ విరిగితే ఆ దారంతోనే బిగించుకున్నాను.

కింద కూడలిలో ఆదిశేషయ్యగారు అప్పటికే మాట్లాడుతున్నారు. అంటే ఆయన బొమ్మ. ఆయన పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. ఊరంతా ఆ బొమ్మని తాతగారూ అనే పిలుస్తుంది. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు బిందెలు కింద పెట్టి, కూతురు మాట వినడం లేదనీ, మొగుడు పలకడం లేదనీ చెప్పుకుంటారు. బొమ్మ ఆయన జీవితంలోంచి ఒక ముక్క తీసి జవాబు చెబుతుంది. ఆ ముక్కలన్నీ నేనూ, నా ముందువాళ్ళూ దాని పీఠంలో వేసి చదివించిన చీటీల్లోవే. చీటీకీ చీటీకీ మధ్య ఖాళీ ఉంటే మాత్రం బొమ్మ తనే కుట్టుకుంటుంది. జనం ఏ మాట దగ్గర ఎక్కువసేపు నిలబడతారో చూసుకుని మరీ కుట్టుకుంటుంది.

మా ముత్తవ్వల కాలంలో ఎవరి మొహాన్నయినా, ఎవరి గొంతునయినా యంత్రాల్లో తయారుచేసి వదిలేవారట. చివరికి ఎవరూ ఎవర్నీ నమ్మని రోజులొచ్చాయి. అందుకే ఇప్పుడు సాక్ష్యం అంటే చేత్తో రాసిన చీటీ, కింద వేలిముద్ర. జీవిత పరిశీలకురాలిగా నా పనల్లా ఆ చీటీలు రాయడం, రంగు తేల్చడం.

ఇరవై ఒకటో రోజున మహాపోటుకి వందేళ్ళు నిండుతాయి. ఆ రోజు ఆదిశేషయ్యగారి జీవితానికి ముద్ర పడుతుంది. తర్వాత అందులో ఒక్క అక్షరం మార్చడానికి ఉండదు. ఆలోగా చీటీలన్నీ ఆఖరిసారి సరిచూసి సంతకం పెట్టమని మా కార్యదర్శి కోటిలింగంగారి హుకుం. నా పుస్తకం కూడా ఆ రోజే విడుదల. "ఆదిశేషయ్య: ఒక పరిశీలన", తొమ్మిది వందల పేజీలు. గర్వంగా ఉందా అంటే ఉంది. దాచుకోవడం ఎందుకు?


ముద్రకు ఇంకా 18 రోజులు

లంకె నాంచారమ్మ వచ్చింది. నెలకోసారి వస్తుంది. అరవై ఒక్కేళ్ళ మనిషి, ఎండు చేపల వ్యాపారం. మెట్ల దగ్గరే చెప్పులు విడిచి, గుమ్మంలో నిలబడి అదే మాట.

"ఏంటమ్మా భ్రమరమ్మా, మా తాత సంగతి తేల్చావా?"

"తేల్చడానికేముంది నాంచారమ్మా, తేలిందే కదా" అన్నాను. ఎప్పుడూ అదే చెబుతాను.

ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ ఆ కథ వచ్చు. వందేళ్ళ కిందట మిట్టమధ్యాహ్నం సముద్రం లేచి వచ్చింది. ఆదిశేషయ్యగారు దగ్గరుండి గట్టు గేట్లు దింపించి ఊరిని కాపాడారు. తొమ్మిదో గేటు కాపలావాడు లంకె పోలయ్య మాత్రం గేటు వదిలేసి పారిపోయాడు. ఆ సందులోంచి నీళ్ళు వచ్చి దక్షిణపేట మొత్తం కొట్టుకుపోయింది. అందుకే ఏటా పోటు రోజున ఊళ్ళోవాళ్ళు పోలయ్య మనవరాలి గుమ్మం మీద తలా గుప్పెడు ఉప్పు పోస్తారు. నీళ్ళ వరసలో ఆవిడ ఆఖర్న నిలబడాలి. ఆవిడ వెనక ఎవరూ నిలబడరు.

నాంచారమ్మ ఆ ఉప్పుని ఎత్తి పారబొయ్యదు. చీపురుతో ఊడ్చి, చాటలో చెరిగి, జాడీలకెత్తుకుంటుంది. ఏడాది పొడుగునా ఆ ఉప్పుతోనే చేపలు ఊరేస్తుంది. "ఊరంతా నా ఇంటికి తెచ్చి ఇత్తన్నారు, వొద్దంటే బాగుంటదా?" అంటుంది. ఆ చేపల్నే ఉప్పు పోసినవాళ్ళు లొట్టలేసుకుంటూ తింటారు.

ఇవాళ మాత్రం నవ్వలేదు. "ముద్ర పడితే ఇంక మారదంట కదా. నా కూతురు ఇంటిపేరు తీసేసుకుంటానంటంది. పుట్టబోయే బిడ్డ గుమ్మం మీద కూడా పోత్తారమ్మా, నేను పోయాక కూడా. ఒక్కసారి చూడు తల్లీ. ఆ రోజు పొద్దున మా తాత సద్ది తిని పనిలోకెళ్ళాడు, తిరిగి రాలేదు. మా నాన్నకి అప్పుడు మూడేళ్ళు. అంతకుమించి మాకేం తెలవదు."

సరే చూస్తానన్నాను. చూడాల్సింది ఎలాగూ ఉంది.


ముద్రకు ఇంకా 15 రోజులు

పోటు రోజు తాలూకు ఎర్రదారం చీటీలు నలభై రెండు. పొద్దుటినుంచీ ఒక్కొక్కటీ చదివాను.

మా పనిలో ఒక పాత పద్ధతుంది. నేను చూశాను అని ఎవరైనా అంటే వెంటనే కలం తీయం. ముందు ఒక ప్రశ్న అడుగుతాం. "అప్పుడు నీ చేతిలో ఏముంది?" నిజంగా చూసినవాళ్ళకి అది గుర్తుంటుంది. కట్టుకథ చెప్పేవాళ్ళు తడబడతారు, ఎందుకంటే కథల్లో చేతులు ఖాళీగా ఉంటాయి. ఆ జవాబు రాయడానికి చీటీలో కుడిపక్కన ఒక గడి ఉంటుంది.

చదువుతుంటే ఆ గడులే నాకు ముద్దొస్తాయి. సగం అల్లిన బుట్ట. పిల్లాడి చొక్కా. అన్నం గంజి వార్చిన మూకుడు. పదిహేడో చీటీ ఆరేపల్లి మాణిక్యమనే ఆవిడది. చేతిలో గరిటె. "పోలయ్య భుజాన తాడు చుట్ట వేసుకుని తొమ్మిదో గేటు వైపు ఉరకడం చూశాను. ఆ తర్వాత నీళ్ళొచ్చాయి. ఇంకేం చూడలేదు." ఈ చీటీ నాకు తెలిసిందే. వెళ్ళాడు, తర్వాత పారిపోయాడు అని సరిపెట్టుకున్నాం అందరం.

పారిపోయాడన్న మాట ఒక్క నలభై రెండో చీటీలోనే ఉంది. "పోలయ్య గేటు వదిలి పడమటికి పారిపోవడం నేను కళ్ళారా చూశాను. చెప్పినది గుండాబత్తుల వీరేశం, వయసు 74."

కుడిపక్క గడి ఖాళీ.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఖాళీయే. కింద రాసిన చెయ్యి ఎవరిదో చూద్దును కదా, నా సంతకమే. ఊ. భ్రమరాంబ. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది.

ఈ చీటీని నేనెందుకు ఇన్నేళ్ళూ మళ్ళీ చదవలేదో నాకు బాగా తెలుసు. ఇతరులు రాసినవి పదిసార్లు చదివాను, తప్పులు పట్టాను, పట్టినందుకు మురిశాను. ఇది నేను రాసింది కదా అని వదిలేశాను.

ఆ రోజు గుర్తొస్తోంది. నాకు ఇరవై నాలుగేళ్ళు. కూడలిలో కూర్చుని రాస్తున్నాను. తెల్లగడ్డం ముసలాయన గడగడా చెప్పుకుపోతున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కొత్త ప్రత్యక్ష సాక్షి దొరికాడని నాకు ఒళ్ళు తెలియని సంబరం. చేతిలో ఏముందని అడగడం మర్చిపోయాను. మర్చిపోయానా, అడిగితే సాక్షి చెయ్యి జారిపోతాడేమోనని ఊరుకున్నానా? ఈ చిట్టాలో అబద్ధం రాయను. నాకిప్పుడు తెలియడం లేదు.


ముద్రకు ఇంకా 13 రోజులు

రెండ్రోజులు రేవు కచేరీలో పడవల జాబితాలు తిరగేశాను. దుమ్ముకి తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రబడింది. గుండాబత్తుల వీరేశం, వయసు ముప్పై, భార్యతో సహా ఎగువ నుంచి వచ్చి మన ఊళ్ళో దిగాడు. ఎప్పుడు? పోటు వచ్చిన ఇరవై రెండేళ్ళకి! అంతకు ముందు ఈ ఊరి మొహం చూడలేదు.

మరి ఆయన కళ్ళారా చూసిందేమిటి? దానికి జవాబు నీలందారం కట్టల్లో దొరికింది. నా చీటీకి ఆరు నెలల ముందు ఒక పాత గుమాస్తా బొమ్మ మాటల్ని రాసిపెట్టాడు. అప్పట్లో జనం బొమ్మని పదే పదే అడిగేవారట, తొమ్మిదో గేటు తప్పు ఎవరిది తాతగారూ అని. కాపలా జాబితాలో పోలయ్య పేరుంది. బొమ్మ ఆ పేరు తీసుకుని ఖాళీని కుట్టేసింది. "పోలయ్య గేటు వదిలేసి పోయాడేమో అంటారు." ఆ మాట దగ్గర జనం కదలకుండా నిలబడ్డారట. వీరేశం రోజూ సాయంత్రం ఆ బొమ్మ ముందే కూర్చునేవాడు. విని విని అది ఆయన చూపయిపోయింది. ఆయన నాకు చెప్పాడు. నేను ఎర్రదారం కట్టాను. మర్నాటి నుంచీ బొమ్మ అంటారు అనడం మానేసి, పారిపోయాడు అనడం మొదలుపెట్టింది. అదన్న మాటే దాని నోట్లో సాక్ష్యంగా తిరిగి పెట్టిన ఘనురాలిని నేను.

ఇంకొకటి. ఎర్రదారం చీటీ ఇరవై తొమ్మిది. పోటు వచ్చిన వారానికి ఎవరో ఆదిశేషయ్యగారినే ఎదురుగా అడిగారు, తొమ్మిదో గేటు సంగతేమిటని. ఆయన అన్నది ఇది: "నేను పదో గేటు దగ్గరున్నాను. తొమ్మిదోది నాకు కనపడదు." చీటీ వెనక పాత గుర్తు ఉంది. బొమ్మ ఈ జవాబు చెప్పినప్పుడల్లా జనం బిందెలెత్తుకుని వెళ్ళిపోయేవారట. అందుకని బొమ్మ దీన్ని చెప్పడం మానేసింది.

ముప్పై నాలుగేళ్ళు ఆయన మీద పరిశోధన చేశాను. ఆయన నోటి నుంచి వచ్చిన అసలు మాటని పక్కన పడేసి, పేరు పొందిన మాటని తొమ్మిది వందల పేజీల్లో రాశాను. అచ్చంగా పప్పులో కాలేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.


ముద్రకు ఇంకా 9 రోజులు

కోటిలింగంగారికి అంతా చెప్పాను. ఆయన నాకన్నా పదేళ్ళు చిన్న. మర్యాదస్తుడు, ఎప్పుడూ నవ్వుమొహం. ఆ నవ్వుమొహం చూస్తేనే నాకు ఒళ్ళు మంట.

అంతా విని, టీ తెప్పించి, తీరిగ్గా అన్నారు. "ఒక్క గడే కదమ్మా భ్రమరాంబగారూ. దానికింత హైరానా ఎందుకండీ? నింపేస్తే పోలా?"

"ఏమని నింపమంటారు?"

"కర్ర అని రాయండి. ముసలాయన కదా, చేతిలో కర్ర ఉండి ఉంటుంది."

"పోటు నాటికి ఆయనకి ఎనిమిదేళ్ళండీ!"

టీ గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత నవ్వు తీసేసి మాట్లాడారు. అదీ మంచిదే, ఆ మనిషి అసలు మొహం మొదటిసారి చూశాను. "మీరు ఒకటి ఆలోచించండి. ఇవాళ్టికీ పదకొండు గేట్లకీ కాపలావాళ్ళు కన్ను మూయకుండా కాస్తున్నారంటే పోలయ్య పేరు భయం. నా పేరూ అలా అయిపోతుందేమోనన్న భయం. ఊరికి ఆదిశేషయ్య ఎంత అవసరమో, పోలయ్యా అంతే అవసరం. ఒక్క ముసలామె గుమ్మం మీద ఏడాదికోసారి ఉప్పు పడితే నలభై వేలమంది నిద్రపోతున్నారండీ."

ఆ మాటకి నేను కొంచెం తడబడ్డాను. కాదని బుకాయించను. కాని నాన్న పదేళ్ళు మూడో గేటు కాశాడు. పోలయ్య పేరెత్తగా నేనెన్నడూ వినలేదు. మేం అవతల నిద్రపోతున్నామని కాసేవాడు. ఆ సంగతే చెప్పాను.

"సరే, నియమం ప్రకారమే వద్దాం" అన్నారాయన. "చీటీ మార్చాలంటే రాసిన చెయ్యే మార్చాలి. ఎర్రదారం తప్పు కట్టానని ఒప్పుకున్న పరిశీలకురాలికి ఆ క్షణం నుంచే అధికారం పోతుంది. అంతటితో అయిపోలేదు. మీరు ఇన్నేళ్ళలో అందరి జీవితాల మీదా రాసిన పంతొమ్మిది వందల ఎర్రదారం చీటీలూ పసుపుకి దిగిపోతాయి. మీ పుస్తకం చిత్తుకాగితం. ఆలోచించుకోండమ్మా."

ఏం ఆలోచించేది? కళ్ళనీళ్ళు తిరిగాయి, ఆయన ముందు పడకూడదని టీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను. ఆ చీటీల కోసం నేను పెళ్ళి వాయిదా వేసుకున్నాను, తర్వాత ఆ మనిషి ఆగలేదు. తుపాన్లలో పడవెక్కి లంకలు తిరిగాను. అవన్నీ ఒక్క సంతకంతో పోతాయి.

"టీ బాగుందండీ" అని చెప్పి లేచి వచ్చేశాను.


ముద్రకు ఇంకా 8 రోజులు

పొద్దున వెళ్ళేసరికి చీటీల గదికి కొత్త తాళం. చెమ్మ పట్టకుండా జాగ్రత్తట! ముప్పై నాలుగేళ్ళు నా వీపు మీద మోసి ఎండేసిన చీటీలకి ఇప్పుడు జాగ్రత్త పుట్టుకొచ్చింది.

మంచిది. భయపడేవాడే తాళం వేస్తాడు. కోటిలింగంగారు ఒకటి మర్చిపోయారు. చీటీ గదిలో ఉన్నా, రాసిన చెయ్యి నా భుజానికే ఉంది. మార్పు చీటీ రాసినవాళ్ళు పట్టపగలు నలుగురి ముందు చదివి బొమ్మ పీఠంలో వెయ్యచ్చు. నియమావళి ఇంకా నా దగ్గరే ఉంది. కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను.


ముద్రకు ఇంకా 5 రోజులు

నాంచారమ్మ ఇంటికి నేనే వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. అరుగు మీద చేపలు తిరగేస్తోంది. పీట వేసి, కూర్చోమంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను, గడి దగ్గర్నుంచీ దారం దాకా.

చేప చేతిలోనే ఉండిపోయింది. "రాసింది నువ్వా?"

"నేనే."

"ముప్పై నాలుగేళ్ళు నేను మెట్లెక్కి వొచ్చింది నీ దగ్గరికే కదా. ప్రతి నెలా. తేల్చావా అంటే, తేలిందే కదా అన్నావు."

"అన్నాను."

"నా రెండో కాన్పు ఏడాది తల్లీ, మొదటి గుప్పెడు పడింది. పసిబిడ్డ నా ఒళ్ళో ఉంది, దాని కళ్ళలో పడింది ఉప్పు. అంతకు ముందు ఎప్పుడూ లేదు మొర్రో అంటే ఎవరూ వినలా. వందేళ్ళ ఆచారం అన్నారు. నా నెత్తిన కూచుని నాకే చెప్పారు!"

తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను, కాని ఒక్కటీ ఎక్కువ కాదు. నేను తల వంచుకుని పడ్డాను. అలిసిపోయాక నీళ్ళు తాగి, నాకూ ఇచ్చింది.

"అయితే మా తాత పారిపోలేదు."

"పారిపోయాడని చూసినవాళ్ళు లేరు."

"గేటు దింపబోయి పోయుంటాడు. తాడు ఏసుకుని ఎల్లాడు కదా. వీరుడని రాత్తావా?"

ఔనన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మనిషికి నేను బాకీపడ్డదానికి ఆ ఒక్క మాట ఎంత? కాని మళ్ళీ చూడనిదానికి ఎర్రదారం కడితే నేను నేర్చుకున్నదేమిటి?

"రాయను నాంచారమ్మా. తెలియదు అని రాస్తాను. వెళ్ళడం చూశారు. తర్వాత ఏమైందో ఎవరికీ తెలియదు."

చాలాసేపు చేపలు తిరగేసింది. ఒక్కటి కూడా వదలకుండా అన్నీ తిరగేసింది.

"తెలవదనే రాయి" అంది చివరికి. "పారిపోయాడనే మాట తీసేత్తే సాలు. మా తాత ఏం చేశాడో ఆయనకి తెలుసు. ఊరికి తెలవదని ఊరు ఒప్పుకుంటే నాకదే పదివేలు."

తర్వాత నన్ను ఎగాదిగా చూసి అడిగింది. "నీ ఉజ్జోగం పోద్దా?"

"పోతుంది."

"బానే ఉంది. రేపట్నించి చేపలు తిరగెయ్యడానికి రా. నీ నడుముకి ఆ నిచ్చెన కంటే ఇదే నయం."


ముద్ర రోజు

కూడలి నిండా జనం. గట్టు పొడుగునా తోరణాలు, పడవలకి కూడా పూలదండలు. బొమ్మ పంచెకి కొత్త రంగు వేశారు. వేదిక మీద నా పుస్తకాల దొంతర ఉంది, పైదానికి పట్టుదారం. 

ఏటా లాగే ఊరివాళ్ళంతా వరసగా వచ్చి పీఠంలో తలా ఒక చీటీ వేస్తున్నారు. మొక్కులూ, ముచ్చట్లూ. నన్ను వేదిక ఎక్కమని కోటిలింగంగారు చెయ్యి ఊపారు. నేను ఎక్కలేదు. నడుచుకుంటూ వరస చివరికి పోయాను. అక్కడ నాంచారమ్మ ఒక్కతే, ముందువాళ్ళకి రెండు బారల ఎడంగా నిలబడి ఉంది. ఆవిడ వెనక ఎవరూ నిలబడరు. నేను నిలబడ్డాను.

ముందున్నవాళ్ళు తిరిగి చూశారు. ఒకావిడ మొహం చిట్లించి, "అమ్మగారూ, అక్కడ కాదండీ మీ చోటు" అంది.

"ఇవాళ ఇక్కడే" అన్నాను.

వరస సగానికి రాగానే మధ్యాహ్నం గంట కొట్టారు. కోటిలింగంగారు ముద్ర చేతిలోకి తీసుకున్నారు. మిగిలినవాళ్ళు ఇళ్ళకి పోవచ్చు, వేళ మించిపోతోంది అని మైకులో చెప్పారు. నేనిక ఆగలేదు. నా గొంతుకి మైకు అక్కర్లేదు.

"వరసలో మనిషి ఉండగా గేటు దించొద్దు! ఆ మాట ఎవరిదండీ కార్యదర్శిగారూ? ఎనిమిది ఎర్రదారం చీటీలు, అందులో ఒక్కటీ నేను రాసింది కాదు. పదో గేటు దగ్గర ఆఖరి మనిషి దాటేదాకా ఆదిశేషయ్యగారు గేటు దించనివ్వలేదు. ఆయన పేరు మీద వేసే ముద్ర, వరస ఉండగా ఎలా వేస్తారు?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఔను, వరస కానివ్వండి అని ఎవరో అరిచారు. ఆయన్ని ప్రేమించేవాళ్ళే వాళ్ళంతా. కోటిలింగంగారి చెయ్యి కిందికి దిగింది.

నాంచారమ్మ వంతు వచ్చింది. చీటీ తనే రాసుకుంది, వంకర అక్షరాలు. గట్టిగా చదివింది. "నా గుమ్మం మీద మొదటిసారి ఉప్పు పడింది ముప్పై నాలుగేళ్ళ కిందట. అంతకు ముందు పడలేదు. నేను చూశాను. అప్పుడు నా చేతిలో నా బిడ్డ ఉంది." చీటీ పీఠంలో వేసి పక్కకి జరిగింది. ముందు వరసలో ఒక ముసలమ్మ, "నిజమే, మా చిన్నప్పుడు ఉప్పు లేదు" అంది నెమ్మదిగా, తనలో తనే అనుకుంటున్నట్టు.

నా వంతు. చదివాను.

"నలభై రెండో చీటీ రాసిన చెయ్యి నాది. గుండాబత్తుల వీరేశం పోటు నాటికి ఈ ఊళ్ళో లేడు. చేతిలో ఏముందని నేను అడగలేదు. ఎర్రదారం తప్పు కట్టాను. ఈ చీటీని తీసేస్తున్నాను. ఇప్పుడు నా చేతిలో ఉన్నవి నా కళ్ళద్దాలు."

కళ్ళద్దాలు తీసి, కాడకి కట్టిన తెల్లదారం ముడి విప్పాను. కాడ ఊడి కింద పడింది. చీటీని ఆ దారంతో చుట్టి, రెండు ముళ్ళు వేసి, పీఠంలో వేశాను. ముళ్ళు గట్టిగానే పడ్డాయి. పుస్తకాల వైపు చూడలేదు. అద్దాలు లేకపోతే ఎలాగూ కనపడవు.

ఆనవాయితీ ప్రకారం దండోరావాడు ఏటా వేసే ప్రశ్న వేశాడు. "తాతగారూ, తొమ్మిదో గేటు వదిలిందెవరు?"

జవాబు వెంటనే వచ్చేది ఎప్పుడూ. ఇవాళ బొమ్మ ఆగిపోయింది. చెడిపోయిందేమోనని జనం కలవరపడ్డారు. 

"నేను పదో గేటు దగ్గరున్నాను" అంది బొమ్మ. "తొమ్మిదోది నాకు కనపడదు. నాకు తెలియదు."

అరవై ఏళ్ళుగా మాట్లాడుతున్న ఆ బొమ్మ తెలియదు అనడం ఈ ఊరు వినడం అదే మొదలు. కొందరు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. తాతగారిని పాడుచేసిందని ఒకడు నా మీదికి వచ్చాడు, పక్కవాళ్ళు పట్టుకున్నారు. కాని చాలామంది వెళ్ళలేదు. బిందెలు కింద పెట్టుకుని అలాగే నిలబడ్డారు. ఇంకోసారి చెప్పండి తాతగారూ అని ఎవరో అడిగారు. బొమ్మ అదే మాట ఇంకోసారి చెప్పింది.

ముద్ర పడింది, ఆ మాట మీదే. కోటిలింగంగారు నా దగ్గరికి వచ్చి అధికార బిళ్ళ ఇమ్మని చెయ్యి చాచారు. ఇచ్చేశాను. ఆయన నవ్వలేదు, నేను నవ్వాను.


ముద్ర తర్వాత రెండో రోజు

ఉద్యోగం లేదు, చిట్టా మాత్రం అలవాటు కొద్దీ రాస్తున్నాను. ఒక కాడ లేని కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని రాయడం మహా చికాకు.

పొద్దున్నే నాంచారమ్మ ఇంటికి వెళ్ళాను. ముద్ర రోజు సాయంత్రం కూడా ఉప్పు పోసినవాళ్ళు లేకపోలేదు. ఏడుగురు. మూడు వేలమంది పోసే చోట ఏడుగురు. కోటిలింగంగారు కూడా అందులో ఉన్నారట, పోసి తల వంచుకుని పోయారట.

నాంచారమ్మ అరుగు మీద జాడీలు బోర్లించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆ మొహం నిండా చిరాకు.

"చూడమ్మా నీ నిర్వాకం. ఏడు గుప్పెళ్ళు! నాలుగు చేపలకి కూడా రాదు. ముప్పై నాలుగేళ్ళలో ఎప్పుడైనా ఉప్పు కొన్నానా నేను? అసలు ఎక్కడ అమ్ముతారో కూడా తెలవదు నాకు."

ఏడుస్తోందో నవ్వుతోందో అద్దాలు లేక నాకు సరిగ్గా కనపడలేదు. దగ్గరికి వెళ్ళాను. రెండూ చేస్తోంది.

"పద, నాకు తెలుసు కొట్టు" అన్నాను. పెద్ద సంచీ ఒకటి తీసుకుని ఇద్దరం బయల్దేరాం.